గోళ్ళ రంగు గీత

మా ఆయనకి కోపం రాదు. ఇదేదో గొప్ప గుణమని వీధి వీధంతా మెచ్చుకుంటుంది గానీ, కాపురం చేసేదాన్ని నన్ను అడగండి చెబుతాను. ఆయనకి రావలసిన కోపం కూడా నేనే తెచ్చుకోవాలి. ఇంటి ఓనరు కారే పైపు బాగుచేయించకపోతే నేనే అరవాలి. దుకాణంవాడు తూకంలో మోసం చేస్తే నేనే అరవాలి. ఈయన నా వెనక నిలబడి, "పోనీలేవే" అంటాడు. ఆ మాట వింటే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పెళ్ళయ్యాక ఆయన నాతో అన్న మాటలన్నీ పోగేస్తే అందులో సగం ఈ "పోనీలే"లే ఉంటాయి.

పనిలో మాత్రం దేన్నీ పోనివ్వడు. మా వీధి చివర వ్యాన్లు బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఇంజన్లు ఒకరు చూస్తారు, వైర్లు ఒకరు చూస్తారు, బ్రేకులు మాత్రం మా ఆయనే చూడాలి. స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళే వ్యాన్లన్నీ ఆయన చేతి మీదుగా పోవలసిందే. చక్రం ఊడదీసి, బ్రేకు డ్రమ్ములో దుమ్ము దులిపి, దాన్ని లోపల ఒరుసుకుని ఆపే లైనింగు అంచులు ఆకురాయితో రుద్ది, మళ్ళీ బిగించి, బండిని కాస్త దూరం నడిపి ఆపి, దిగి ఆ డ్రమ్ముకి చేతి వెనక భాగం ఆనించి చూస్తాడు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. అన్ని చక్రాలూ ఒకే వేడి మీద ఉంటే అప్పుడు జేబులోంచి చిన్న సీసా తీసి, నట్టు మీద నుంచి డ్రమ్ము మీదకి ఒక ఎర్ర గీత గీస్తాడు. ఆ తర్వాత ఎవరైనా ఆ నట్టు తిప్పితే గీత తెగుతుంది. గీత తెగనంతవరకు ఆ బ్రేకుకి పూచీ ఆయనది.

ఆ సీసా నాది. నా గోళ్ళ రంగు. పెయింటయితే మట్టికీ నీళ్ళకీ పోతుందట, గోళ్ళ రంగు పోదట! పెళ్ళయిన కొత్తలో ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న మొదటి సీసాని నేను ఒక్క చేతికి పూసుకున్నాను, రెండో చేతికొచ్చేసరికి సీసా షెడ్డులో ఉంది. అప్పటి నుంచీ కొంటూనే ఉన్నాను, అరుస్తూనే ఉన్నాను. ఊళ్ళో వ్యాన్ల నట్లన్నీ సింగారించుకుని తిరుగుతుంటాయి, నా గోళ్ళు మాత్రం బోడిగా ఉంటాయి.

నేను ఆ షెడ్డుని ఆనుకుని ఉన్న చిన్న వరండాలో బండ్ల సీట్లు కుడతాను. రెక్సిను కత్తిరించడం, స్పాంజి నింపడం, అంచులకి పైపింగు వెయ్యడం. సీట్లు కుట్టే చేతులకి బండి నడపడం రాదా అని మీరు అడగొచ్చు. రాలేదు. పెళ్ళి కాకముందు మా తమ్ముడి బండి మీద నేర్చుకుందామని ఎన్నిసార్లు చూశానో. ఎడం చేత్తో క్లచ్చు పట్టుకోవడం, కాలితో గేరు వెయ్యడం, మెల్లగా క్లచ్చు వదలడం, అదే సమయంలో కుడి చేత్తో యాక్సిలరేటర్ తిప్పడం. నాలుగు పనులూ కలిసేసరికి బండి కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. మా తమ్ముడు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాడు. "అక్కా, నువ్వు సూదిలో దారం ఎక్కించుకో, బండి ఎక్కకు" అనేవాడు. ఆ నవ్వు నాకింకా చెవుల్లో ఉంది.

వాడు మాత్రం బండి మీదే పుట్టినట్టు ఉంటాడు. మట్టి దారుల్లో, గుట్టల మీద జరిగే పందేల్లో వాడిదే ముందు చక్రం. స్నేహితులు వాణ్ణి "సుడిగాలి" అంటారు. గాలి సంగతి తెలీదు గానీ, గాలి మాటలకి మాత్రం వాడికి లోటు లేదు.

ఇంతకీ బండి సంగతి. ఒకరోజు మా ఆయన తుక్కు దుకాణం నుంచి ఒక ఇనుప అస్థిపంజరాన్ని తోపుడుబండి మీద వేయించుకుని వచ్చాడు. ఊరి చివర ఎప్పుడో మూతపడిన రాళ్ళ క్వారీ ఉంది. అక్కడి మేస్త్రీలు గుట్ట చుట్టూ తిరగడానికి వాడిన పాత డర్ట్ బైకట అది. పొడుగాటి కాళ్ళు, గళ్ళ గళ్ళ టైర్లు, పైకి లేచిన పొగ గొట్టం. సీటు అని చెప్పుకోవడానికి ఎలుకలు కొట్టేసిన కాస్త స్పాంజి మిగిలింది. "ఎడం పక్క క్లచ్చు లివరు కూడా ఊడిపోయింది, పాపం, ఊరికే తీసుకెళ్ళు" అన్నాడట తుక్కువాడు. మా ఆయన హ్యాండిలు చూసి నవ్వుకున్నాడు. అక్కడ లివరు ఊడిపోలేదు, అసలు ఎప్పుడూ లేదు. అది ఆటోమేటిక్ బండి. దానికి క్లచ్చే లేదు.

"దీన్నేం చేసుకుంటారండీ? ఉన్న తుక్కు చాలదా?" అని నేను అరిచాను.

"చూద్దాంలే" అన్నాడు.

ఇక ఆ బండి మా వెనక వాకిట్లో కాపురం పెట్టింది. పిస్టను తుప్పుపట్టి బిగుసుకుపోతే, దాంట్లో డీజిలు పోసి నానబెట్టి, రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కిక్కు మీద ఓ కాలు వేసి చూసేవాడు. ఒకరోజు నురగ నోటితోనే "కదిలిందే!" అని కేక వేశాడు. నేను ఎవరైనా పడ్డారేమోనని పరిగెత్తుకొచ్చాను. పెట్రోలు ట్యాంకులో గుప్పెడు పాత నట్లు వేసి, మూత బిగించి, నా ఒళ్ళో పెట్టి, "టీవీ చూస్తూ ఊపుతూ ఉండు" అన్నాడు. లోపలి తుప్పంతా రాలిపోవాలట. తిట్టుకుంటూ ఊపాను. గేర్‌బాక్సులో మామూలు చిక్కటి ఆయిలు పోస్తే బండి మొదటి స్పీడులోనే మొరాయించింది. పల్చటి ఎర్ర ఆయిలు తెచ్చి పోశాక దానంతటదే స్పీడులు మార్చుకోవడం మొదలుపెట్టింది. బ్రేకులు సరేసరి. డ్రమ్ముల్లో ఉండే బ్రేకు షూలకి కొత్త లైనింగు అతికించి, రుద్ది, ఒకే పెడలుకి రెండు చక్రాలూ ఆగేలా బిగించి, రెండు చక్రాలకీ నా రంగుతో రెండు గీతలు గీశాడు. సీటు నేను కుట్టాను. నల్ల రెక్సిను, ఎర్ర పైపింగు. నా చేతి సీటు మీద మా ఆయన కూర్చుని చూసి, "బాగుందే" అన్నాడు. ఆ నోటి నుంచి అంత మాట రావడమే ఎక్కువ.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో బండి స్టార్టు చేసి, తను దిగి, "ఎక్కు" అన్నాడు.

"నేనా?"

"మరెవరికి బాగుచేశాననుకున్నావ్? నీకు క్లచ్చు పడదు కదా. దీనికి క్లచ్చు లేదు."

అన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు చూడండి! ఆ క్షణంలో కూడా నాకు కోపమే వచ్చింది. ఆ కోపంలోనే కళ్ళు తుడుచుకుని ఎక్కాను.

బండి మీద ఆయన నాకు నేర్పింది ఒక్కటే పాఠం. మామూలు బండికి వాలు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. అలవాటైనవాళ్ళు సగం వాలు దానితోనే దిగేస్తారు. ఈ బండికి ఆ పట్టు లేదు. యాక్సిలరేటర్ వదిలితే ఇంజను పక్కకి తప్పుకుంటుంది, చక్రాలు వాటి దారిన అవి పోతాయి. "చెయ్యి వదిలితే ఇది ఆగదు. బ్రేకు నొక్కితేనే ఆగుతుంది. ఇంకేదీ నమ్మకు" అని పదిసార్లు చెప్పాడు. నాకు వేరే ఏదీ తెలిస్తే కదా నమ్మడానికి! బ్రేకు నొక్కాలి, అంతే. నేను ఆ స్థలంలో గుండ్రంగా, ఎనిమిదిలా, షెడ్డులో వాళ్ళంతా పని ఆపి చూసేలా తిరిగాను.

ఇదంతా బాగానే ఉంది. అప్పుడు దిగబడ్డాడు మా తమ్ముడు.

వస్తూనే బండి చుట్టూ తిరిగి, "ఏంటి బావా, ముసలమ్మకి గజ్జెలు కట్టావ్!" అన్నాడు. స్నేహితులంతా క్వారీ దగ్గర ఉన్నారు, దీన్ని ఆ వాలులో ఒకసారి దింపి చూపిస్తానన్నాడు. నేను వద్దన్నాను. మా ఆయన నా మాట వింటేగా! తాళం ఇచ్చి, బండి ముందు నిలబడి, నాకు చెప్పిన పాఠమే వాడికీ చెప్పాడు.

"ఒరేయ్, ఇది నీ బండి లాంటిది కాదు. యాక్సిలరేటర్ వదిలితే ఇంజను పట్టదు. పైనుంచే బ్రేకు మీద కాలు ఉంచి దిగు."

"బావా, బండి సంగతి నాకు చెప్తున్నావా నువ్వు?" అని నవ్వి, కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు. నేను పక్కనే సూది నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి మాటా విన్నాను.

సాయంత్రానికల్లా వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. క్వారీ దారి సగం దిగాక ఒక మలుపు ఉంది. మలుపు పక్కనే రాళ్ళ గుట్ట. బండి తిన్నగా వెళ్ళి దాన్ని గుద్దింది. భుజం ఎముక విరిగింది. ప్రాణం మీదకి రాలేదు, సంతోషం. మేము పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి వాడు మంచం మీద కూర్చుని, చుట్టూ ఉన్న స్నేహితులందరికీ వినబడేలా చెబుతున్నాడు.

"బ్రేకులు పట్టలేదు. నొక్కాను, పట్టలేదు. బావ బిగించిన బ్రేకులు!"

మా ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను, "ఏరా, ఆయన నీకు చెప్పలేదా? నేను వినలేదా?" అని అరిచాను.

"ఏం చెప్పాడు? ఏమీ చెప్పలేదు" అన్నాడు వాడు, నా కళ్ళలోకి చూడకుండా.

మా అమ్మ మంచం ఆ పక్క నుంచి లేచింది. "దెబ్బ తగిలి పడున్నవాణ్ణి పట్టుకుని ఎందుకే ఆ అరుపులు? వాడికి బండి నడపడం రాదా? నీ మొగుడి తప్పు కప్పిపుచ్చడానికి వాణ్ణి అంటావా?"

మా ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. వరండాలో ఏమన్నాడో తెలుసా? "పోనీలేవే. నొప్పిలో ఉన్నాడు."

నొప్పి వాడి భుజానికే వచ్చిందా? ఆ స్నేహితుల్లో ఒకడు స్కూలు వ్యాను డ్రైవరు. మర్నాటికల్లా ఆ మాట స్కూలు వ్యాన్లు సొంతంగా తిప్పించే ఆవిడ చెవిన పడింది. ఆవిడ వ్యాన్లు మా వీధికి రావడం మానేసి ఇంకో షెడ్డుకి పోయాయి. ఆవిడ మానేసిందని మరొకరు, మరొకరు మానేశారని ఇంకొకరు. చివరికి షెడ్డు ఓనరు మా ఆయన్ని పిలిచి, తల గోక్కుంటూ, "నువ్వు కొన్నాళ్ళు బ్రేకుల జోలికి పోకు. బండ్లు కడిగే పని చూసుకో. జనం మర్చిపోయాక చూద్దాం" అన్నాడు.

మా ఆయన "సరే" అన్నాడు. సరేనట!

నేను వరండాలో సీటు కుడుతూ చూసేదాన్ని. ఆయన రబ్బరు బూట్లు వేసుకుని, పైపు పట్టుకుని, చక్రాల మీద నీళ్ళు కొడుతుండేవాడు. నీళ్ళు కొట్టి, అలవాటు చొప్పున డ్రమ్ము దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తీసుకునేవాడు. నాకు సూది ఎక్కడ గుచ్చుకుంటోందో తెలిసేది కాదు. ఆ రోజుల్లోనే ఒకసారి తల దువ్వుకుంటూ అద్దం దగ్గర చూస్తే, నా గోళ్ళ రంగు సీసా పెట్టిన చోటే ఉంది. నిండుగా. పెళ్ళయ్యాక ఆ సీసా అన్నాళ్ళు ఇంట్లో ఉండడం అదే మొదటిసారి. ఎన్నేళ్ళుగానో అరిచిన అరుపుకి ఫలితం దక్కింది కదా అని పది వేళ్ళకీ పూసుకున్నాను. పూసుకుని ఆ చేతులు చూసుకుంటే ఒళ్ళు మండిపోయింది. షెడ్డులోని థిన్నరు గుడ్డతో గీకి గీకి తుడిచేశాను.

తమ్ముడి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. వాడు చెయ్యి మెడకి కట్టుకుని సోఫాలో కూర్చుని తన పందెం వీడియోలు తనే చూసుకుంటున్నాడు.

"నిజం చెప్పరా. ఆయన పని పోయింది, తెలుసా?"

"అక్కా, నా మాట విను. యాక్సిలరేటర్ వదిలితే ఏ బండైనా స్లో అవుతుంది. అది అవ్వలా. ఇంకా జోరెక్కింది. అంటే ఏంటి? బ్రేకే కదా తేడా!"

"బ్రేకు ఎప్పుడు నొక్కావ్?"

"మలుపు దగ్గర."

"పైనుంచీ నొక్కమని చెప్పాడా లేదా?"

వాడు ఫోనులోకి తల దించుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవడో. మద్దెల ఓడైతే మద్దెలకి పోయేదేం లేదు. ఇక్కడ మనిషి పోతున్నాడు.

తర్వాత వ్యాన్లావిడ దగ్గరికి వెళ్ళాను. గట్టిగా నాలుగు దులిపేద్దామనే వెళ్ళాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"చూడమ్మా, బండ్ల సంగతి నాకు తెలీదు. ఎక్కే పిల్లల సంగతి తెలుసు. ఒక మనిషి ఎముక విరగ్గొట్టుకుని బ్రేకు పట్టలేదని చెప్పాక నేనెట్లా పంపను? నువ్వయితే పంపుతావా?"

అన్యాయంగా మాట్లాడేవాళ్ళ మీద అరవొచ్చు గానీ, ఇలాంటివాళ్ళ మీద ఎలా అరుస్తాం? అదే అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి.

"అదే బండి, అదే వాలులో ఆగుతుందని మీ కళ్ళతో చూస్తే?" అన్నాను.

"చూస్తే తెస్తాను. నాకూ మీ ఆయన పనే బాగుంటుంది."

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన అప్పటికే బండిని వాకిట్లో పెట్టుకుని సరిచేస్తున్నాడు. వంగిన హ్యాండిలు తిన్నగా చేశాడు, సొట్టపోయిన రిమ్ముని చక్రం విప్పకుండానే సరిచేశాడు, వంకరపోయిన బ్రేకు పెడలు కాస్త కొట్టి నిలబెట్టాడు. చిరిగిన సీటు నేను మళ్ళీ కుట్టాను. డ్రమ్ములు మాత్రం విప్పలేదు.

"లోపల చూడరా?" అన్నాను.

"చూడను. విప్పితే గీత తెగుతుంది. గీత తెగితే, ఇప్పుడు బాగుచేసి తెచ్చాడంటారు."

చక్రం పైకెత్తి చేత్తో తిప్పి, పెడలు నొక్కి చూశాడు. టక్కున ఆగింది. అంతే. బండిని గుడ్డ కప్పి పెట్టేశాడు.

ఆదివారం పొద్దున అందరం క్వారీ గుట్ట మీద చేరాం. వ్యాన్లావిడ వచ్చింది. షెడ్డు ఓనరు వచ్చాడు. తమ్ముడి స్నేహితులు బండ్లేసుకుని తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు. వాళ్ళ వెనక మెడకి కట్టుతో తమ్ముడూ వచ్చాడు. పైన నిలబడితే దారంతా కనిపిస్తుంది. నిట్టనిలువు వాలు, వదులు మట్టి, సగంలో మలుపు, రాళ్ళ గుట్ట, కింద చదును నేల. మా ఆయన వ్యాన్లావిడని పిలిచి రెండు చక్రాల నట్లూ చూపించాడు. ఎర్ర గీత నట్టు మీద నుంచి డ్రమ్ము మీదకి తిన్నగా ఉంది, ఎక్కడా తెగలేదు. ఆవిడ వంగి వేలితో తడిమి మరీ చూసింది.

ఆయన హెల్మెట్ తీసుకున్నాడు. అప్పుడు తమ్ముడు నోరు విప్పాడు.

"బావ దిగితే ఏంటి గొప్ప? ఆయన చేసుకున్న బండి. ఏ కిటుకు ఎక్కడుందో ఆయనకి తెలుసు. వేరేవాళ్ళు దిగాలి."

వ్యాన్లావిడ, "అదీ నిజమే" అంది. మా ఆయన హెల్మెట్ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. బెల్లం కొట్టిన రాయిలా!

"మీలో ఎవరు దిగుతారు?" అని వ్యాన్లావిడ స్నేహితులని అడిగింది. వాళ్ళలో అందరికంటే పొడుగువాడు ముందుకొచ్చాడు. హ్యాండిలు ఎడం పక్క చెయ్యి పెట్టి, పట్టుకోవడానికి ఏమీ లేకపోయేసరికి వెనక్కి తగ్గాడు. "క్లచ్చు లేకుండా ఈ వాలులోనా? నా వల్ల కాదు" అన్నాడు. మిగతావాళ్ళు తమ తమ బండ్లకేసి చూసుకున్నారు. వ్యాన్లావిడ చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"నేను దిగుతాను" అన్నాను.

ఎవరో నవ్వారు. మా తమ్ముడు, "అక్కా, నీకు బండే రాదు కదే!" అన్నాడు. ఆ పాత నవ్వే, అదే గొంతు.

"అందుకే నేను దిగాలి. వేరేవాళ్ళు కావాలన్నావుగా?"

మా ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు. షెడ్డు వెనక తిరగడం వేరు, ఇది వేరు. నువ్వు వద్దు."

"బ్రేకు పడుతుందా, పట్టదా?"

"అది కాదే..."

"పడుతుందా పట్టదా చెప్పండి! ఊళ్ళో పిల్లలందరినీ ఆ గీత మీద నమ్మకంతో పంపించారు. పెళ్ళాన్ని పంపలేరా? మీ బ్రేకు మీద మీకే నమ్మకం లేకపోతే చెప్పండి, ఇంటికి పోదాం. జీవితాంతం బండ్లు కడుక్కోండి."

నేను అంత మాట అంటానని నేనే అనుకోలేదు. ఆయన మొహం పాలిపోయింది. నా చెయ్యి వదిలేశాడు. బండి చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, పెడలు చేత్తో ఒకసారి నొక్కి చూశాడు. లేచి హెల్మెట్ నా తలకి పెట్టాడు. గడ్డం కింద బెల్టు బిగించి, ఒకసారి లాగి చూశాడు.

"పడుతుంది" అన్నాడు. "పైనుంచే నొక్కు."

కిక్కు ఆయనే కొట్టాడు. నేను ఎక్కాను. కుట్టింది నేనే కదా, సీటు నాకు తెలుసు. మెల్లగా అంచుకి తీసుకెళ్ళాను. ముందు చక్రం కిందికి వంగింది. భయంతో చెయ్యి యాక్సిలరేటర్ వదిలేసింది. వదలగానే ఇంజను గుసగుసలాడుతూ ఊరుకుంది. బండి మాత్రం ఊరుకోలేదు. చప్పుడు లేకుండా, ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు జారడం మొదలుపెట్టింది. మా తమ్ముడికి ఇక్కడే ఏం జరిగిందో నాకు ఒంటికి తెలిసింది. ఇంజను పట్టుకుంటుందని వాడు చూస్తూ కూర్చున్నాడు. అది పట్టుకోలేదు. పట్టుకోదని చెప్పినా వినలేదు. దుర్మార్గుడా, ఇంత స్పష్టంగా చెబితే కూడానా!

నాకు చూస్తూ కూర్చోవడానికి ఏ అలవాటూ లేదు. కాలు నొక్కాను. బండి బరువుగా వెనక్కి కూర్చుంది. కాలు కాస్త వదిలితే కాస్త జారింది, నొక్కితే నిలబడింది. మట్టి పక్కలకి చిమ్ముతోంది. అలా నొక్కుతూ వదులుతూ మలుపు దాకా దిగాను. రాళ్ళ గుట్ట దగ్గర వాడు గుద్దినప్పుడు పగిలిన లైటు అద్దం పెంకులు ఇంకా మెరుస్తున్నాయి. సరిగ్గా అక్కడ కాలు గట్టిగా నొక్కాను. బండి ఆగింది. పూర్తిగా ఆగింది. ఎడం కాలు కింద ఆనించి, తల పైకెత్తి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"ఆగిందా? కనబడుతోందా అందరికీ? ఇంకాసేపు ఉండమంటారా?"

మళ్ళీ వదిలి, మలుపు తిరిగి, చదును నేల మీదకి వచ్చి ఆగాను. దిగలేదు. అలాగే కూర్చున్నాను.

మొదట వచ్చింది మా ఆయన. ఆ వాలులో పడుతూ లేస్తూ, ఒక చెప్పు ఎక్కడో పోగొట్టుకుని వచ్చాడు. నన్ను చూశాడు. వెంటనే వంగి వెనక డ్రమ్ముకి చేతి వెనక భాగం ఆనించాడు. తర్వాత ముందుది. లేచి, అదే చెయ్యి నా చెంపకి ఆనించాడు. ఆ వేడి ఇంకా ఆ చేతిలో ఉంది.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగారు. తమ్ముడు అందరికంటే వెనక వచ్చి నా పక్కన నిలబడి, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు. "బావ చెప్పాడక్కా. నేనే వినలేదు."

"నాకు తెలిసిందే నాకెందుకు చెప్తావ్? ఆసుపత్రిలో గొంతు బానే లేచిందిగా. అంత గట్టిగా చెప్పు."

ఇంజను కట్టేశాను, అందరికీ వినబడాలని. వాడు స్నేహితులకేసి చూశాడు, నాకేసి చూశాడు. మొహం కందగడ్డలా అయింది. "బావ ముందే చెప్పాడు. బ్రేకు తప్పు లేదు. నాదే" అన్నాడు గట్టిగా. మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేరా" అన్నాడు. నేను హెల్మెట్ విసిరికొట్టబోయి ఆగాను.

వ్యాన్లావిడ మా ఆయన దగ్గరికొచ్చింది. "మనసులో పెట్టుకోకయ్యా. నా వ్యాన్లు మళ్ళీ నీ దగ్గరికే పంపిస్తాను. ఇప్పుడేం తొందర లేదు, వచ్చే నెలలో సర్వీసింగు ఉంది కదా, అప్పుడు..."

"వచ్చే నెలా?" అన్నాడు మా ఆయన.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎవరిదా అని వెనక్కి చూశాను.

"నన్నేమన్నా ఊరుకున్నాను. కడగమంటే కడిగాను. ఆ షెడ్డులో మీ వ్యాన్ల బ్రేకులు ఎవరు చేశారు? చక్రం విప్పి చూశాడా, పై నుంచి స్క్రూ బిగించి పంపేశాడా? గీత ఉందా వాటికి? రోజూ మా వీధిలోంచే పోతున్నాయి, వెనక చక్రం కీచుమంటోంది, నాకు ఇంట్లోకి వినిపిస్తోంది! ముద్ద దిగట్లేదు నాకు! పిల్లలెక్కే బండి కదమ్మా అది! వచ్చే నెలంట! ఇవాళే తీసుకురండి! ఇప్పుడే! నువ్వేంటయ్యా నిలబడి చూస్తావ్, పోయి షెడ్డు తాళం తియ్యి!"

చివరిది షెడ్డు ఓనరుకి. ఆయన మారు మాట్లాడకుండా తాళాల కోసం జేబులు తడుముకుంటూ గుట్ట ఎక్కాడు. వ్యాన్లావిడ ఫోను తీసి డ్రైవరుకి చెప్పింది. నేను నోరు తెరుచుకుని బండి మీదే కూర్చున్నాను. అరవడానికి నాకేమీ మిగల్లేదు.

మధ్యాహ్నానికి వ్యాను షెడ్డులో ఉంది. వెనక చక్రం ఊడదీస్తే లైనింగు అరిగి అరిగి, దాన్ని బిగించిన రివెట్లు డ్రమ్ముని గీరుతున్నాయి. మా ఆయన ఆ షూని తెచ్చి వ్యాన్లావిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది.

పని చివరికొచ్చేసరికి షెడ్డులోంచి మా ఇంటి దాకా వినబడేలా కేక.

"నా సీసా ఎక్కడ పెట్టావే?"

"మీ సీసా ఏంటి? అది నాది!" అని నేను అంతకంటే గట్టిగా అరిచి, అద్దం దగ్గర నుంచి తీసుకెళ్ళి ఇచ్చాను. మళ్ళీ నా చేతికి రాలేదు. మా తమ్ముడితో నేనింకా సరిగ్గా మాట్లాడడం లేదు. మా ఆయన మాత్రం వాడికి ఆ బండి మీద వాలు దిగడం నేర్పుతున్నాడు. నా గోళ్ళు మళ్ళీ బోడివే. రంగేదని ఎవరైనా అడిగితే, వెళ్ళి స్కూలు వ్యాన్ల చక్రాలు చూసుకోమంటాను.